స్కార్న్ సొరుగులో దొంగ చీటీలు

దేవుడు చేసిన సృష్టిలో నీచమైనది ఏదీ లేదని మా ఇంట్లో రోజూ పొద్దున్నే చదువుకుంటాం. నేనూ నమ్ముతాను. మరి ఒక మనిషి ఇంకొక మనిషిని చెప్పుకి అంటిన మట్టిని చూసినట్టు చూస్తాడే, ఆ చూపును ఎవరు చేశారు? ఏళ్ల తరబడి నన్ను వదలని సందేహం ఇది. పెద్దవాళ్లను అడిగితే అలాంటివి అడగకూడదన్నారు. మనం ఈసడింపు అనే ఆ చూపుకి ఇంగ్లీషు వాళ్లు స్కార్న్ అని పేరు పెట్టుకున్నారు. పేరు తెలిసినంత మాత్రాన సందేహం తీరదు. కానీ ఆ ఒక్క మాట కోసం కేటాయించిన చెక్క సొరుగులో నలుగురి ప్రాణాలు ఇరుక్కున్న సంగతి విన్నాక, ఆ చూపు ముందుగా ఎవరి కళ్లు పోగొడుతుందో నాకు కొంత అర్థమైంది.

మంగళవారం ఉదయం తొమ్మిదింటికి, సరిహద్దు అవతలి పట్నంలో ఒక దర్జీ తన కొట్టు తలుపు తీస్తున్నాడు. ఎదురింటి మేడ మీంచి రెండు గుళ్లు పేలాయి. రెండోది అవసరం లేకపోయింది.

నెల రోజుల్లో అది మూడో చావు. ముగ్గురూ మన మనుషులే.

శుక్రవారం పదకొండింటికి మన గూఢచారి శాఖ చీఫ్ గదిలో బ్రీఫింగ్ జరిగింది. చీఫ్ బల్ల మీద ఏడు టెలిఫోన్లు ఉండేవి. వాటిలో రెండే పనిచేసేవి. మిగతావి వచ్చినవాళ్లు చూడటానికి.

"కూర్చో డేగా," అన్నాడు చీఫ్.

డేగ అనేది కోడ్‌నేమ్. చీఫే పెట్టాడు. మనిషి సన్నగా, కొంచెం వంగి, డేగకి దూరపు చుట్టంలా కూడా ఉండడు. కానీ పన్నెండేళ్లలో పట్టుకోవలసినవాణ్ణి పట్టుకోకుండా తిరిగి రాలేదు.

"సిచువేషన్ సింపుల్. అవతల మనవాళ్లు నలుగురు. ముగ్గురు క్లోజ్. మిగిలింది గడియారాలవాడు."

 గడియారాలవాడంటే డేగకి బావ. స్వయానా అక్క మొగుడు. ఓడలో ఉద్యోగమని అక్కకి చెప్పి, అవతలి పట్నంలో గడియారాలు బాగుచేసే కొట్టు పెట్టుకుని మూడేళ్లయింది.

"రేపు తెల్లారేసరికి సరిహద్దు దాటి వచ్చేస్తాడు," అన్నాడు చీఫ్. "ఈలోగా కబురు పంపుదామంటే రేడియో ఉన్నది దర్జీ కొట్లోనే. అదీ పోయింది. వాడి అడ్రస్ ఇవాళ సాయంత్రంలోగా అవతలికి చేరకపోతే బతుకుతాడు. చేరితే..."

"అడ్రస్ ఎవరెవరికి తెలుసు సార్?"

"నీకు, నాకు. పోయిన వారం మన వజ్రానికి చెప్పాను."

వజ్రం అంటే అవతలి ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకి రహస్యాలు చేరవేసే ఆవిడ. చీఫ్ అలా అనుకునేవాడు. మెడలో మూడు పేటల ముత్యాలు, మోకాళ్ల దాకా బూట్లు, ఎదుటివాళ్ల నుదుటికి పైన ఎక్కడో నిలిచే చూపు. ఆవిడ గదిలోకి వస్తే చీఫ్ పొట్ట లోపలికి లాక్కునేవాడు. దేశ రహస్యాలు ఆ పొట్టలో అట్టే కాలం నిలిచేవి కావు.

"ఆవిడ మీద అనుమానమా? ఆవిడ ఫోన్ మనమే వింటాం. ఉత్తరాలు మనమే విప్పుతాం. ఎక్కడికెళ్లినా వెనకాల మన మనిషి ఉంటాడు. చీమ కూడా బయటికి పోదు." చీఫ్ నవ్వి ఒక కాగితం అతని వైపు తోశాడు. "సరేలే, ఇది చూసి నవ్వుకో. ఇంగ్లీషు నిఘంటువు ఆఫీసు నుంచి ఎవరో ముసలావిడ రాసిన ఫిర్యాదు. నేషనల్ సెక్యూరిటీ అట!"

డేగ చదివాడు. 'అయ్యా, స్కార్న్ అనే మాట కింద పదిహేడు దొంగ ఉదాహరణలు చేరినవి. ఆ పుస్తకాలలో ఆ పుటలలో ఆ వాక్యములు లేవు. ఇది దేశానికి తలవంపులు. చర్య తీసుకోగలరు.' కింద పదిహేడు వరసలు. ఒక్కో వరసలో పుస్తకం పేరు, పేజీ, పంక్తి.

నాలుగో వరస దగ్గర అతని వేలు ఆగిపోయింది. పేజీ 318, పంక్తి 14.

దర్జీ ఉన్నది పద్నాలుగో వీధిలో, మూడువందల పద్దెనిమిదో నంబర్ ఇంట్లో.

చీఫ్ ఒప్పుకోలేదు. "కాకతాళీయం. ఆ ఆఫీసు నుంచి ప్రతి శుక్రవారం నాలుగింటికి అవతలి నిఘంటువు వాళ్లకి పార్సెల్ పోతుంది, నిజమే. రెండు ప్రభుత్వాల అగ్రిమెంటు. సీల్ పడ్డాక ఎవరూ విప్పకూడదు. ప్రూఫ్ లేకుండా దాన్ని ముట్టుకున్నావో, నీ ఉద్యోగమే కాదు, నాది కూడా పోతుంది!" రెండోది చెప్పేటప్పుడు అతని గొంతు నిజంగా వణికింది.

ప్రూఫ్ వెతకడానికి బయలుదేరిన డేగకి డిస్‌గైజ్ డిపార్ట్‌మెంట్ వాళ్లు పాత చొక్కా, మీసం, బంక డబ్బా ఇచ్చారు. బైండింగుకి బంక అమ్మేవాడి వేషం. విషపు సూది పేల్చే పెన్ను, ఉక్కు తీగ దాచిన వాచీ కూడా ఇచ్చారు. వాచీ పది నిమిషాలు వెనక నడుస్తోంది.

నిఘంటువు ఆఫీసు ఒక పాత మేడ మూడో అంతస్తులో ఉంది. నేల నుంచి కప్పు దాకా పుస్తకాలు. గోడల పొడుగునా సన్నటి, లోతైన చెక్క సొరుగులు. ఒక్కో మాటకి ఒక్కో సొరుగు. వాటి నిండా అరచేతి సైజు చీటీలు. ఏ రచయిత ఏ పుస్తకంలో ఆ మాటను ఎలా వాడాడో చీటీకి ఒక వాక్యం చొప్పున రాసి ఉంటుంది. వాటిని చూసి అర్థాలు తేల్చి నిఘంటువు రాస్తారు. ముప్ఫై ఏళ్లుగా ఆ చీటీలను సరిచూస్తున్న ఆవిడని అందరూ చీటీలమ్మ అనేవారు. ఆవిడ ఎదుట కూడా అలాగే అనేవారు.

"వానొచ్చేలా ఉందండీ," అన్నాడు డేగ. అది చీఫ్ ఇచ్చిన కోడ్‌వర్డ్. ఆ సంగతి నిఘంటువు ఆఫీసు వాళ్లకి చెప్పడం చీఫ్ మర్చిపోయాడు.

"రానీ. గొడుగు తలుపు వెనక పెట్టు. మీసం ఊడుతోంది, అదీ పెట్టు," అంది చీటీలమ్మ తలెత్తకుండా.

డేగ మీసం తీసి జేబులో వేసుకున్నాడు. "ఎలా కనిపెట్టారమ్మా?"

"బంక అమ్మేవాడి గోళ్లు అంత శుభ్రంగా ఉండవు నాయనా. పోలీసువా?"

"అంతకంటే కొంచెం పైన. డేగ అంటారు."

"డేగా?" చీటీలమ్మ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చూసింది. "పిచ్చుక అని పెట్టాల్సింది. సర్లే, నా ఉత్తరం చేరిందన్నమాట. చేతులు కడుక్కుని రా."

సొరుగు బల్ల మీదికి లాగాక ఆవిడ గొంతు మారింది. స్కార్న్ అనే మాటని ఇంటి పిల్లని పరిచయం చేసినట్టు చెప్పుకొచ్చింది.

"ఇవి పాత నాటకాలవి. వీటిలో ఈ మాట రాజుల నోట్లో ఉంటుంది. అంటే ఈసడింపు. ఇవి ప్రేమ పద్యాలు. ఆడదాని కళ్లల్లో ఉంటుంది. పిల్లాడు చచ్చిపోతానంటాడు, చావడు. ఇక్కడ మనిషే స్కార్న్ అవుతాడు. అంటే ఊరందరికీ వాడు ఎగతాళి బొమ్మ. ఇదిగో, నాకు ఇష్టమైన వాడుక ఇది. ఒక పని చెయ్యడానికి తలవంచకపోవడం, అది తన స్థాయికి తక్కువని. స్కార్న్ టు బెగ్. అడుక్కోవడానికి మనసొప్పలేదు. బీదవాడి నోట వచ్చినప్పుడు ఈ మాటకి ఎంత అందం వస్తుందో చూడు. అదే గొప్పింటివాడి నోట వస్తే కంపు."

"మరి దొంగ చీటీలు?"

"నాకు కంట్లో పొర తీసినప్పుడు రెండు నెలలు సెలవు పెట్టాను. నా చోట డైరెక్టరు గారి మేనల్లుడొచ్చాడు. పుస్తకం తెరవకుండా అన్నిటికీ ఎర్ర పెన్సిల్‌తో టిక్కు కొట్టి పార్సెల్లో పంపేశాడు. ప్రతి చీటీకి మా దగ్గర నకలు ఉంటుంది. తిరిగొచ్చి నకళ్లు చూస్తుంటే, ఈ పదిహేడూ పంటి కింద రాళ్లలా తగిలాయి. వీటిలో ఈసడించుకునే ప్రతివాడూ అరుస్తున్నాడు, కాలు నేలకేసి కొడుతున్నాడు. నిజంగా రాయడం తెలిసినవాడు ఈ మాట వాడిన చోట మనిషి అరవడయ్యా. ఊరుకుంటాడు. పెదవి కొంచెం కదులుతుంది, అంతే. అది చూసే పుస్తకాలు తీసి పేజీలు వెతికాను. ఒక్కటీ లేదు."

"ఎవరిచ్చారు ఇవి?"

"ముత్యాల ప్రొఫెసరమ్మ. స్కార్న్ మీద పెద్ద రీసెర్చ్ అట. వెనకాల ఒకడు కుక్కపిల్లలా కాపలా. వాడు కిందే ఉంటాడు, పుస్తకాల దుమ్ము పడదని."

పదిహేడింటిలో మూడు చోట్ల చచ్చిపోయిన ముగ్గురి ఇళ్ల నంబర్లు ఉన్నాయి. మిగతా పద్నాలుగు ముసుగు. వజ్రం ఫోన్లూ ఉత్తరాలూ కాపలా కాస్తూ మన శాఖ కునికిపాట్లు పడుతోంది. ఆవిడ మాత్రం చావు కబుర్లను సాహిత్యం పేరుతో సర్కారు ఖర్చుల మీద పంపుతోంది.

డేగ అక్కడి ఫోన్ నుంచే చీఫ్‌కి చెప్పాడు.

"నంబర్లు ఎక్కడైనా కలుస్తాయి!" అని అరిచాడు చీఫ్. "నా వజ్రాన్ని ముసలావిడ మాట మీద అరెస్ట్ చెయ్యాలా? ప్రూఫ్!" ఫోన్ పెట్టేశాడు.

మూడున్నరకి మెట్ల మీద బూట్ల చప్పుడయింది. డేగ బంక డబ్బా పట్టుకుని పుస్తకాల వరస వెనక్కి జరిగాడు.

ముత్యాలావిడ వచ్చింది. కూర్చోలేదు. ఆ కుర్చీలు తనకి తగవన్నట్టు చూసింది. వెనకాలే అవతలి దేశపు రాయబార కార్యాలయం డ్రైవరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వాడికి పార్సెల్ మొయ్యడం తప్ప ఏమీ తెలియదు. ఆ ముఠాలో కాస్త నిజాయితీ ఉన్న ఉద్యోగం వాడిదే.

"ఈ ఐదు చీటీలూ ఇవాళే వెళ్లాలి," అంది ముత్యాలావిడ.

"సరిచూడాలి కదమ్మా."

"అక్కర్లేదు. ఇదిగో డైరెక్టర్ గారి ఉత్తరం. నా చీటీలకి వెరిఫికేషన్ లేదు. ముప్ఫై ఏళ్లు ఈ దుమ్ములో కూర్చుని నువ్వు నేర్చుకున్నది పేజీలు లెక్కపెట్టడమేనా?"

"అంతేనమ్మా. అదే ఇంకా పూర్తిగా రాలేదు."

అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా వచ్చిన చీటీని పైకి చదివి రిజిస్టర్లో ఎక్కించాలి. చీటీలమ్మ ఒక్కొక్కటే చదివింది. మూడోది: "'ఉప్పుదొర కూతురు' అనే నాటకం. పేజీ తొంభై ఆరు. పంక్తి పదకొండు."

పదకొండో వీధి, తొంభై ఆరు. బావ కొట్టు.

 చీటీలమ్మ పార్సెల్లో పెట్టవలసిన చీటీలన్నీ ముందేసుకుని లెక్క మొదలుపెట్టింది. ఒక లెక్క అయింది. "పంతొమ్మిది వందల ఎనభై నాలుగు." రిజిస్టర్ చూసింది. "ఎనభై ఆరు ఉండాలే. మళ్లీ మొదటి నుంచి."

డ్రైవరు గడియారం చూపించాడు. ముత్యాలావిడ పళ్లు నూరింది. చీటీలమ్మ వేలు తడి చేసుకుంది.

"బంకబ్బాయ్, ఊరికే నిలబడకపోతే ఆ పైఅరలో ఎడమ చివర పుస్తకానికి వీపు ఊడిందేమో చూడు."

డేగ కుర్చీ ఎక్కి పుస్తకం తీశాడు. వీపు మీద పేరు 'ఉప్పుదొర కూతురు'. తెరవబోయాడు. తెరుచుకోలేదు. పాతకాలం అచ్చు. పెద్ద కాగితాన్ని మడిచి కుట్టిన పుస్తకం. చదివేవాడు కత్తితో అంచులు కోసుకుంటేనే పేజీలు విడతాయి. ఈ పుస్తకంలో ఒక్క అంచూ తెగలేదు. అచ్చయిన రోజు నుంచి ఇంతవరకు దాన్ని ఏ మనిషీ చదవలేదు.

అతను దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇదేమిటమ్మా?" అంది చీటీలమ్మ, లెక్క ఆపకుండానే. "ఈ పుస్తకం ఒక్కసారే అచ్చయింది. దేశంలో ఉన్నది ఈ ఒక్క కాపీ. అంచులు కొయ్యలేదు. మీరు లోపలి వాక్యం ఎలా రాసుకున్నారు?"

ముత్యాలావిడ మొదటిసారి కిందికి చూసింది. "వేరే దేశంలో చదివాను."

"ఓహో." చీటీలమ్మ ఎముక కత్తి తీసి అంచు కోసింది. ఆ గదిలో కాగితం తెగిన చప్పుడొక్కటే వినిపించింది. తొంభై ఆరో పేజీలో వాక్యాల్లేవు. పేజీ నిండా ఓడ బొమ్మ ఉంది. "పదకొండో పంక్తి ఎక్కడుందో చూపించమ్మా. ఈ ఓడ ఎవర్ని ఈసడించుకుంటోంది?"

పుస్తకాల మీద రీసెర్చ్ చేస్తున్నానని చెప్పుకున్న ఆవిడ, గుమ్మం దగ్గర ఉన్న పట్టికలోంచి పుస్తకాల పేర్లూ, దేనికి ఎన్ని పేజీలున్నాయో అదీ ఎక్కించుకుంది. ఏ పుస్తకాన్నీ ముట్టుకోలేదు. ముట్టుకుంటే చేతికి దుమ్మంటుతుంది.

"ప్రూఫ్," అన్నాడు డేగ, బల్ల ముందుకొచ్చి.

"పిచ్చివాడా," అంది ముత్యాలావిడ చల్లగా. ఆవిడ చేతిలో లిప్‌స్టిక్ ఉంది. దాని చివర రంగు లేదు, గొట్టం ఉంది. "బల్ల అవతలే ఉండు. నువ్వు, ముసలిదానా, లెక్కపెట్టింది చాలు. కట్టు. సీల్ వెయ్యి. మీ ఇద్దరి సంగతి కారు వెళ్లాక చూస్తాను."

డేగ పెన్ను నొక్కాడు. సిరా కారింది. వాచీ తీగ లాగాడు. పట్టీ ఊడి కింద పడింది. ఆ రెంటికి ప్రజలు కట్టిన పన్ను ఎంతో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చీటీలమ్మ లేచి, చీటీలు పెట్టెలో సర్దింది. గుడ్డ చుట్టింది. దారం వేసింది. లక్క కరిగించి ముద్ర కొట్టింది.  డ్రైవరు పార్సెల్ తీసుకుని సంతకం పెట్టి మెట్లు దిగాడు.

 కిటికీలోంచి డేగకి కారు కనబడుతోంది. అది గేటు దాటితే ఇక ఎవరూ ముట్టుకోలేరు. అక్క మొహం కళ్లముందుకొచ్చింది.

కాలితో బంక డబ్బాని తన్నాడు.

పది శేర్ల బంక చెక్క నేల మీద పరుచుకుంది. ముత్యాలావిడ వెనక్కి అడుగేసింది. బూటు మడమ జారింది. లిప్‌స్టిక్ పేలి గుండు కప్పుకి తగిలింది. ఆవిడ వెల్లకిలా పడింది. మూడు పేటలూ తెగి ముత్యాలు నాలుగు మూలలకీ దొర్లాయి. డేగ లిప్‌స్టిక్ లాక్కుని, పార్సెల్ దారంతోనే ఆవిడ చేతులు కట్టేశాడు. కింద కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. అతను తలుపు వైపు పరుగెత్తాడు.

"ఎక్కడికి?" అంది చీటీలమ్మ. "బంక తొక్కుకుంటూ ఇల్లంతా తిరక్కు."

"పార్సెల్ పోతోందమ్మా! మా బావ ప్రాణం..."

"పార్సెల్లో మీ బావ లేడు."

ఆవిడ బల్ల కింద నుంచి ఒక అట్టపెట్టె తీసింది. దాని మీద 'అనాథలు' అని రాసి ఉంది. పుస్తకం దొరకని చీటీలు వేసే పెట్టె. పైనే ఐదు చీటీలున్నాయి. మూడోది తొంభై ఆరు, పదకొండు.

"సరిచూడని చీటీ ఈ గది దాటి పోదు నాయనా. లెక్క సరిపోవాలి గనక వాటి చోట అసలైనవి ఐదు పెట్టాను. మొదటి లెక్కలోనే తీసేశాను. ఆవిడ నా చేతుల వైపు ఒక్కసారి చూసి ఉంటే తెలిసిపోయేది."

"మరి... డైరెక్టర్ గారి ఉత్తరం?"

"దాన్ని కూడా సరిచూడాలి కదా," అని ఆ ఉత్తరాన్ని అనాథల పెట్టెలోనే వేసింది.

నేల మీద నుంచి ముత్యాలావిడ చీటీలమ్మ వైపు చూసింది. ఇప్పుడామె చూపు నుదుటికి పైన లేదు. ఆవిడ నోరెత్తలేదు. పెదవి మాత్రం కొంచెం కదిలింది.

"ఆఁ! ఇదీ అసలు వాడుక," అంది చీటీలమ్మ.

శనివారం తొమ్మిదింటికి అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, మీ బావ వచ్చాడ్రా! మనిషి సగమయ్యాడు. అదిసరే గానీ, ఓడలో పనిచేసేవాడి జేబులో గడియారపు ముళ్లెందుకుంటాయిరా?"

"ఓడలకి టైం ముఖ్యం కదక్కా."

"మీరిద్దరూ కలిసి నాకు చెవిలో పువ్వులు పెట్టకండి. అన్నానికి రా, అక్కడే తేలుస్తా."

సోమవారం చీఫ్ స్వయంగా మూడంతస్తులూ ఎక్కి వచ్చాడు. వజ్రం మీద మొదటి రోజు నుంచీ తనకి అనుమానమేనని మెట్ల మీద రెండుసార్లు చెప్పాడు. పతకం పెట్టె తెరిచి ప్రసంగం మొదలుపెట్టాడు.

"ఇది నాకెందుకండీ?" అంది చీటీలమ్మ. "ఇవ్వాలనుంటే మా నిచ్చెన ఇప్పించండి."

"నిచ్చెనా?"

ఆవిడ రశీదుల ఫైలు తీసి, పసుపు రంగుకి తిరిగిన ఒక కాగితం చూపించింది. ఇరవై రెండేళ్ల కిందట జాతీయ భద్రత పేరు చెప్పి మన శాఖ వాళ్లు ఆ గది నిచ్చెన పట్టుకెళ్లారు. రెండు రోజుల్లో తిరిగి ఇస్తామని రాసి సంతకం పెట్టారు. అప్పటినుంచి ఆవిడ కుర్చీ మీద స్టూలు వేసుకుని పైఅరలు అందుకుంటోంది. ఏటా ఒక ఉత్తరం రాస్తూనే ఉంది.

చీఫ్ కొత్తది కొనిస్తానన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. "పట్టుకెళ్లింది ఇవ్వండి," అంది.

శాఖ గోడౌన్‌లో డేగకి అది దొరకడానికి మూడు రోజులు పట్టింది. చీఫ్ ఫోటో తగిలించడానికి తెచ్చి అక్కడే వదిలేశారట. సాలెగూళ్లు తుడిచి, భుజాన వేసుకుని, మూడంతస్తులూ తనే మోసుకెళ్లి సొరుగుల పక్కన గోడకి ఆనించాడు.

చీటీలమ్మ రశీదు తెచ్చి, నిచ్చెన మెట్లు లెక్కపెట్టింది. పదకొండు. ఎర్ర పెన్సిల్ తీసింది, కానీ వెంటనే టిక్కు పెట్టలేదు. మొదటి మెట్టు దగ్గరికి వెళ్లి, మళ్లీ లెక్కపెట్టింది.